పిల్లల పరుగు – పెద్దల తొందర

(ద్వైవార్షిక మహాసభల రెండవ రోజున యువజన, క్రీడా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

పక్క హాల్లో సాయంత్రం సంగీత విభావరికి రిహార్సల్సు జరుగుతున్నాయి. భోజనంలో గోంగూర, గుత్తివంకాయ కూడా గట్టిగానే పనిచేస్తున్నాయి. అయినా పరుగు పందేల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే మీకు పిల్లల మీద ఎంత శ్రద్ధ ఉందో తెలుస్తూనే ఉంది. ఆ శ్రద్ధ గురించే నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

నా గురించి రెండు ముక్కలు చెప్పి అసలు విషయానికి వస్తాను. యూనివర్సిటీ రోజుల్లో నేను 100 మీటర్లు, 200 మీటర్లలో అంతర కళాశాలల ఛాంపియన్ని. మట్టి ట్రాకు, సున్నంతో గీసిన గీతలు, పందెం రోజు పొద్దున్నే నీళ్ళు చల్లి అణచిన దుమ్ము, ఇవీ మా వైభవం. తర్వాత ఉద్యోగరీత్యా ఈ దేశం వచ్చాను. మిడ్‌లాండ్స్‌లో మా ఊరి అథ్లెటిక్స్ క్లబ్బులో వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకు పరుగు నేర్పుతూ ఇరవై ఏళ్ళు దాటింది. ఇది జీతం లేని పని. వర్షంలో తడుస్తూ ఈ పని ఎందుకు చేస్తానని మా ఆవిడ అప్పుడప్పుడు అడుగుతూ ఉంటుంది. ఈ ఉపన్యాసం అయ్యేసరికి ఆమెకు కూడా జవాబు దొరుకుతుందని ఆశ.

ఇన్నేళ్ళలో మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది నా దగ్గరికి వచ్చారు. దాదాపు అందరి విషయంలోనూ ఒకే కథ చూశాను. పదకొండేళ్ళప్పుడు మనం పిల్లల్ని తరుముతాం. పదిహేనేళ్ళు వచ్చేసరికి చదువు పేరుతో ఆపేస్తాం. పరుగు అనే విద్యకు ఈ రెండూ సరిగ్గా తిరకాసు పనులు. ఎందుకో వివరిస్తాను.

పదకొండేళ్ళ విజేత ఎవరు?

ఈ దేశంలో, ముఖ్యంగా ఇంగ్లండులో, బడి తరగతి సెప్టెంబరు 1తో మొదలవుతుంది. సెప్టెంబరులో పుట్టిన పిల్లా, మరుసటి ఆగస్టులో పుట్టిన పిల్లా ఒకే తరగతిలో ఉంటారు. ఇద్దరి మధ్యా దాదాపు ఏడాది తేడా. ముప్ఫై ఏళ్ళ వాళ్ళకు ఏడాది ఒక లెక్క కాదు. ఏడేళ్ళ పిల్లలకు అది వాళ్ళ జీవితంలో ఏడో వంతు! స్పోర్ట్స్ డే నాడు గీత మీద నిలబెట్టి ఈల ఊదితే ఎవరు ముందొస్తారో ఊహించండి. ఆగస్టు పిల్లవాడి తండ్రి "మావాడికి ఆటలు రావండీ" అంటాడు. సెప్టెంబరు పిల్లవాడి తండ్రి ఒలింపిక్స్ గురించి ఆలోచించడం మొదలుపెడతాడు. నిజానికి ఇద్దరూ చూసింది పుట్టినరోజుల తేడానే.

దీనికి తోడు శరీరం ఎదిగే తీరు ఒకటి ఉంది. కొందరు పిల్లలు పదకొండు, పన్నెండేళ్ళకే గబగబా ఎదుగుతారు. కొందరికి పదిహేను, పదహారు దాటాకగానీ ఆ ఎదుగుదల రాదు. ముందు ఎదిగినవాడు ముందు గెలుస్తాడు. వెనకవాళ్ళు ఎదిగి వచ్చి అందుకున్న రోజున అతనికి ఏం జరిగిందో అర్థం కాదు. అంతకాలం అందరూ "నువ్వు పుట్టు ఛాంపియన్‌వి" అని చెప్పి ఉంటారు కదా! అందుకే పదకొండేళ్ళ పందెం ఫలితాన్ని జాతకం లాగా చదవవద్దని నా మొదటి మనవి.

ఈ దేశపు చరిత్రలోనే ఉదాహరణ ఉంది. లిన్‌ఫర్డ్ క్రిస్టీ పేరు మీరంతా వినే ఉంటారు. 1960లో జమైకాలో పుట్టి, ఏడేళ్ళ వయసులో తల్లిదండ్రుల దగ్గరికి లండన్ వచ్చిన పిల్లవాడు. మన పిల్లల్లాగే వలస కుటుంబం. ఆయన పరుగును గట్టిగా పట్టించుకున్నది 19 ఏళ్ళ వయసులో. థేమ్స్ వ్యాలీ హ్యారియర్స్ క్లబ్బులో రాన్ రాడన్ అనే కోచ్ ఆయన్ని తీర్చిదిద్దారు. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌లో 9.96 సెకన్లలో 100 మీటర్ల స్వర్ణం గెలిచేనాటికి ఆయన వయసు 32. పురుషుల 100 మీటర్లలో అంత వయసులో ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాళ్ళు మరొకరు లేరు. అంటే మనం మన పిల్లల చేత ఆట మానిపించే వయసు దాటాక మూడు, నాలుగేళ్ళకు ఆయన అసలు మొదలుపెట్టారు.

క్రిస్టీ తర్వాత తానే కోచ్ అయ్యారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల రజతం గెలిచిన డారెన్ క్యాంప్‌బెల్, అదే ఒలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచిన క్యాథరిన్ మెర్రీ ఆయన దగ్గర శిక్షణ పొందినవాళ్ళే. ఆయన కథలో ఒక చేదు అధ్యాయం కూడా ఉంది. 1999లో డోపింగ్ పరీక్షలో నాండ్రోలోన్ ఆనవాళ్ళు కనిపించడంతో రెండేళ్ళ నిషేధం పడింది. తాను తప్పు చేయలేదనే ఆయన చెబుతూ వచ్చారు. ఆ సంగతి ఎందుకు ఎత్తానో కాసేపట్లో చెబుతాను.

నా నోటు పుస్తకం

ఇంతవరకూ పరాయి వాళ్ళ కథలు చెప్పాను. ఇప్పుడు నా తప్పు చెప్పకపోతే ఈ వేదిక మీద నిలబడే అర్హత నాకు లేదు.

మా అమ్మాయి పదకొండేళ్ళప్పుడు జిల్లా స్కూళ్ళ పోటీల్లో 100 మీటర్లు గెలిచింది. నాలో నిద్రపోతున్న పాత ఛాంపియన్ లేచి కూర్చున్నాడు. అప్పటినుంచీ ఆమెకు తండ్రినీ నేనే, కోచ్‌నీ నేనే. ఒక నోటు పుస్తకం కొని ప్రతి పరుగు సమయం రాశాను. పందెం అయ్యాక కారు ఎక్కగానే మొదలుపెట్టేవాణ్ణి. "స్టార్టు ఆలస్యమైంది. చేతులు అడ్డంగా ఊగుతున్నాయి. డెబ్బై మీటర్ల దగ్గర పక్క లేన్ వైపు ఎందుకు చూశావ్?" ఇంటికి నలభై నిమిషాల ప్రయాణం. ఆ నలభై నిమిషాలూ ఇదే.

పదమూడో ఏట ఆమె సమయాలు తగ్గడం ఆగిపోయాయి. ఒక వేసవిలో అయితే వెనక్కి వెళ్ళాయి. "నీకు శ్రద్ధ తగ్గింది" అన్నాను. ఆ వయసులో ఆడపిల్లల శరీరం మారుతుంది. నడుము వెడల్పవుతుంది, బరువు పెరుగుతుంది, ఆ కొత్త శరీరాన్ని మోసే బలం కాళ్ళకు రావడానికి ఏడాది, రెండేళ్ళు పడుతుంది. ఆ కాలంలో సమయం ఆగిపోవడం సహజం. ఇదంతా నాకు తెలుసు. క్లబ్బులో ఇతర తల్లిదండ్రులకు నేనే ఓపికగా వివరించేవాణ్ణి. నా ఇంట్లో మాత్రం మర్చిపోయాను.

పద్నాలుగో ఏట ఒక మంగళవారం కడుపునొప్పి అంది. మరుసటి వారం తలనొప్పి అంది. నెల తర్వాత చూస్తే తన స్పైక్సు క్లబ్బులో ఒక చిన్నపిల్లకు ఇచ్చేసింది. మళ్ళీ ట్రాకు ఎక్కలేదు.

ఇప్పుడామెకు ఒక కొడుకు. మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున ఆ పిల్లవాణ్ణి పరుగుకు తీసుకెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. తిరిగి వస్తుంటే తనే అంది: "నాన్నా, నాకు పరుగంటే ఎప్పుడూ ఇష్టమే. పందెంలో ఓడినా బాధ ఉండేది కాదు. నీతో కారులో ఇంటికి రావాలంటేనే భయం వేసేది."

నేనేం మాట్లాడలేకపోయాను. వెనక సీట్లో మనవడు అరటిపండు తింటున్నాడు.

ఆ రోజునుంచీ కొత్తగా వచ్చే ప్రతి తల్లికీ, తండ్రికీ ఒకటే చెబుతున్నాను. పరుగులో తప్పొప్పులు చెప్పడానికి ట్రాకు పక్కన మేమున్నాం. కారులో మీరు అడగాల్సింది "ఆకలేస్తోందా?" అని మాత్రమే. మిగతాది పిల్లలే చెబితే వినండి. చెప్పకపోతే పాట పెట్టుకోండి.

లఫ్‌బరోలో మన అమ్మాయి

"మనవాళ్ళకు పరుగు రాదండీ, మనకు చదువూ క్రికెట్టూ చాలు" అనే మాట మన ఇళ్ళలో తరచూ వింటాను. దానికి జవాబు మనకు దగ్గర్లోనే దొరికింది. 2022 మే 22న ఇక్కడి లఫ్‌బరోలో జరిగిన అంతర్జాతీయ పోటీల్లో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.11 సెకన్లలో ముగించి భారత జాతీయ రికార్డు నెలకొల్పింది. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళలో పనిచేసిన మనిషి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు పిల్ల పొడుగ్గా ఉందని గమనించి హర్డిల్స్ వైపు నడిపించారు. హైదరాబాదులో ద్రోణాచార్య అవార్డు గ్రహీత నాగపురి రమేష్ దగ్గరా, 2019 నుంచి భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ అనే బ్రిటిష్ కోచ్ దగ్గరా శిక్షణ పొందింది.

నేను మీకు చెప్పదలచుకున్నది ఆ రికార్డు గురించి కన్నా దానికి ముందున్న ఎదురుచూపు గురించి. 2002లో అనురాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38 సెకన్ల రికార్డును జ్యోతి అంతకుముందే రెండుసార్లు దాటింది. 2020లో మొదటిసారి దాటినప్పుడు అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదని రికార్డుగా గుర్తించలేదు. 2022 ఏప్రిల్‌లో రెండోసారి దాటినప్పుడు వెనకనుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు ఉంది. నిబంధనల ప్రకారం 2.0 మించకూడదు. అదీ పోయింది. ఈ మధ్యలో వెన్ను గాయం ఒకటి. తన తప్పేమీ లేకుండానే రెండుసార్లు చేతిదాకా వచ్చింది జారిపోతే ఇరవై రెండేళ్ళ పిల్ల ఏమైపోవాలి? ఆ ఏప్రిల్ దాటి నెల తిరక్కుండానే సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు తన పేర రాసుకుంది. పన్నెండు రోజులకు లఫ్‌బరోలో దాన్ని తనే తిరగరాసింది. ఆ ఏడాది అక్టోబరులో 12.82 సెకన్లతో 13 సెకన్ల లోపు పరుగెత్తిన మొదటి భారతీయ మహిళ అయింది. 2023లోనూ, 2025లోనూ ఆసియా ఛాంపియన్. 2024 పారిస్‌లో ఒలింపిక్ 100 మీటర్ల హర్డిల్స్‌లో పాల్గొన్న మొదటి భారతీయ మహిళ.

రికార్డు గుర్తింపు రాని రోజున ఆ అమ్మాయి పక్కన ఉన్నవాళ్ళు ఏం మాట్లాడారో నాకు తెలియదు కానీ, ఆమె మర్నాడు మళ్ళీ ట్రాకు మీదికి వెళ్ళేలా మాట్లాడి ఉంటారని మాత్రం ఒక కోచ్‌గా ఊహించగలను. కోచ్ పనిలో సగం ఇదే.

"నల్లబడిపోతున్నావే!"

ఇక్కడ తల్లులతో, మరీ ముఖ్యంగా అత్తయ్యలు, పిన్నులు, అమ్మమ్మలతో ఒక మాట. వేసవిలో మా క్లబ్బుకొచ్చే మన ఆడపిల్లలు ఇంటికి ఇండియా నుంచి చుట్టాలు వచ్చారంటే ఆ వారం రారు. కారణం అడిగితే చెప్పరు. ఒక పిల్ల చెప్పింది, "నల్లబడిపోతున్నావే అంటారంకుల్" అని. ఇంకో పిల్లను పొట్టి నిక్కరు వేసుకుందని అన్నారు. నిక్కరు ఇష్టం లేకపోతే పొడుగు లెగ్గింగ్స్ వేసుకుని హాయిగా పరుగెత్తవచ్చు. మాకేం అభ్యంతరం లేదు. కానీ మాట పడ్డ పిల్ల తిరిగి రాదు.

మాటకు ఎంత బలముందో చూడాలంటే వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి వెళ్దాం. జీవన్‌జీ దీప్తి కూలిపని చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. పుట్టుకతో మేధోపరమైన వైకల్యం ఉంది. ఊళ్ళో కొందరు రూపం చూసి, తీరు చూసి వెక్కిరించేవారు. అదే పిల్ల ఊరి బడిలో పరుగెత్తుతుంటే ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు చూశారు. తర్వాత నాగపురి రమేష్ శిక్షణలోకి వచ్చింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టి20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం గెలిచింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం అందుకుంది. ఒకే పిల్లను వెక్కిరించినవాళ్ళూ చూశారు, ఆ మాస్టారూ చూశారు. మనం ఎవరిలా చూస్తామన్నది మన చేతిలోనే ఉంది.

తిండి, మందులు

ఇప్పుడు క్రిస్టీ విషయం ఎందుకు ఎత్తానో చెబుతాను. డోపింగ్ నియమాల్లో ఒక కఠినమైన సూత్రం ఉంది. శరీరంలో ఏది దొరికినా బాధ్యత ఆటగాడిదే. "నాకు తెలియదు, ఎవరో ఇచ్చారు" అంటే చెల్లదు. మన ఇళ్ళలో బలానికని ఇండియా నుంచి తెచ్చే లేహ్యాలు, పొడులు, జిమ్ములో స్నేహితుడిచ్చిన డబ్బాలు – వాటిలో ఏముందో డబ్బా మీద రాసినదే పూర్తి నిజం కాకపోవచ్చు. ఎదిగే పిల్లలకు అవేవీ అక్కరలేదు. పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు, శనగలు, ఉలవలు, ఆకుకూరలు, కడుపునిండా అన్నం. శాకాహారులైన ఆడపిల్లల్లో రక్తహీనత ఉందేమో గమనించండి. ఊరికే అలసిపోతుంటే బద్ధకమని తిట్టకుండా జి.పి.కి చూపించండి. మనలాంటి ముదురు చర్మం వాళ్ళు ఏడాది పొడవునా రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకునే విషయం ఆలోచించాలని ఎన్.హెచ్.ఎస్. సలహా. ఈ హాల్లో డాక్టర్లు చాలామంది ఉన్నారు, వివరాలు వాళ్ళనడగండి.

మరొకటి. పది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య మడమ నొప్పి, మోకాలి చిప్ప కింద నొప్పి అని పిల్లలంటే సాకు అనుకోవద్దు. ఎముకలు త్వరగా పెరిగి, కండర బంధనాలు వాటిని పట్టి లాగడం వల్ల వచ్చే నొప్పి అది. భారం తగ్గించి ఓపిక పడితే పోతుంది. మొండిగా పరుగెత్తిస్తే ముదురుతుంది.

పదిహేనేళ్ళప్పుడు ఏం చేద్దాం?

జి.సి.ఎస్.ఇ. సంవత్సరం రాగానే మన ఇళ్ళలో మొదట పోయేది ఆట. తబలా, కూచిపూడి కూడా తర్వాతే పోతాయి. నేను చదువుకు వ్యతిరేకిని కాను. చదువే నన్ను ఈ దేశం తెచ్చింది. కానీ వారానికి నాలుగు సాయంత్రాలను రెండు చేయవచ్చు, పరీక్షల నెలలో ఒకటి చేయవచ్చు. సున్నా చేయవలసిన పని లేదు. ఒత్తిడి ఎక్కువగా ఉన్న సంవత్సరంలోనే పిల్లలకు ఒళ్ళు అలిసే పని, స్నేహితులు కావాలి. పైగా శరీరం పూర్తిగా ఎదిగి, బలం వచ్చి, నేర్చుకున్నదంతా పనికొచ్చే సమయానికే మనం తలుపు మూసేస్తున్నాం.

అందరూ ఛాంపియన్లు కానక్కరలేదు, కారు కూడా. అలాంటి పిల్లలకూ చోటుంది. 2004 అక్టోబరులో బుషీ పార్కులో 13 మంది పరుగెత్తేవాళ్ళతో మొదలైన పార్క్‌రన్ ఇవాళ దేశమంతటా ఉంది. 4 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఆదివారం పొద్దున 2 కిలోమీటర్ల జూనియర్ పార్క్‌రన్ ఉచితం. క్లబ్బులో చేరితే అక్కడ మీరూ ఏదో ఒక పని అందుకోండి. మా క్లబ్బులో లాంగ్‌జంప్ ఇసుక చదును చేసేది ఒక రిటైరైన పోస్ట్‌మన్. ఆయన పిల్లలు ఆట మానేసి పాతికేళ్ళయింది. ఆయన మానలేదు. ఈ దేశం నుంచి మనం నేర్చుకోవలసిన మంచి గుణాల్లో ఇదొకటి.

చివరగా ఒక కోచ్ గురించి చెప్పి ముగిస్తాను. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు గెలిచిన హెరాల్డ్ అబ్రహామ్స్ కథను 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాలో మీరు చూసి ఉంటారు. ఆయన కోచ్ శామ్ ముసబీని డబ్బు తీసుకుని శిక్షణ ఇచ్చే మనిషి. అమెచ్యూర్ ఆటలు గొప్పవనుకునే ఆ రోజుల్లో అలాంటివాళ్ళకు స్టేడియంలో చోటు లేదు. తన శిష్యుడు గెలిచిన సంగతి ఆయనకు దగ్గర్లోని హోటలు గదిలో కూర్చుని, జాతీయగీతం వినబడితే తెలిసిందని చెబుతారు. పందెం జరిగే పది సెకన్లూ పిల్లలవి. మనం ఎక్కడ కూర్చున్నా వాటిలోకి వెళ్ళలేం. ఆ పది సెకన్లకు ముందూ, తర్వాతా మాత్రమే మనకు పని ఉంది.

ఇప్పుడు మా మనవణ్ణి ఆదివారం పరుగుకు నేనే తీసుకెళ్తున్నాను. స్టాప్‌వాచీ ఇంట్లో పెట్టి వెళ్తాను. వచ్చేటప్పుడు కారులో వాడు డైనోసార్ల గురించి మాట్లాడతాడు, నేను వింటాను. మా అమ్మాయి ముందు సీట్లో కూర్చుంటుంది. ఈమధ్య తనూ కొత్త బూట్లు కొనుక్కుంది.